వెనక ఇరుసు మీద చెమ్మ

మా వాకిట్లో పరిచిన నల్ల బండల మీద ఆ చుక్కను మొదట చూసింది నేనే. పొద్దున్నే కారు తీసి వీధిలో పెట్టి, వాకిలి కడుగుదామని చెంబుతో నీళ్లు చల్లాను. ఎడమ వెనక చక్రం నిలిచిన చోట రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. నీళ్లు దాన్ని తప్పుకుని పక్కనుంచి పోయాయి. మచ్చ మాత్రం అక్కడే ఉండి రంగులు తిరిగింది. ఊదా, పచ్చ, అంచుల్లో కాస్త బంగారు. చీపురు చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "బకెట్టు నిండి పొర్లుతాండాది, చూసుకో" అని మా ఆయన లోపల్నుంచి కేక వేస్తే ఈ లోకంలోకి వచ్చాను. చిన్నప్పటి నుంచీ నాకీ జబ్బు ఉంది. మెరిసేది ఏదైనా కంటబడితే చేతిలో పని చేతిలోనే ఉండిపోతుంది.

కోడుమూరు అవతల ఒక పల్లె బడిలో నేను లెక్కలు చెబుతాను. కర్నూలు నుంచి రోజూ ఆ కారులోనే పోయి వస్తాను. దారిలో కాసేపు ఎర్రనేల, కాసేపు నల్లరేగడి. చెట్టు నీడ కావాలంటే వెతుక్కోవాల్సిందే. ఎండలు ముదిరితే రోడ్డు మీద దూరంగా నీళ్లు నిలిచినట్టు కనపడతాయి. ఎంత ముందుకు పోయినా అవి అంతే దూరంలో ఉంటాయి. అది ఎండమావి అని పిల్లలకు చెప్పేది నేనే. అయినా ప్రతి మధ్యాహ్నం ఈసారి అందుకుంటానేమో అన్నట్టే నడుపుతాను. అలా నీళ్ల వెంట పోతున్న ఒక రోజు గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే బండి కుడికి ఈడ్చింది. గొర్రెలు కాసే ఆయన నన్ను తిట్టాడు. నేనేం తక్కువ తినలేదు, నేనూ తిట్టాను. మంద దాటిపోయాక దిగి చూస్తే ఎడమ వెనక టైరు లోపలి వైపంతా జిడ్డుగా తడిసి ఉంది. వాకిట్లో చుక్కకూ దీనికీ చుట్టరికం ఉందని అప్పుడు తట్టింది.

మా కారుకు పద్దెనిమిదేళ్లుగా ఒకే మేస్త్రీ. హంద్రీ ఒడ్డుకు దగ్గర్లో ఆయనకొక రేకుల షెడ్డు ఉంది. ఆ రేకులకు ఎన్ని చిల్లులో లెక్కలేదు. వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. పొద్దు తిరిగేకొద్దీ ఆ చుక్కలూ కదులుతూ, డబ్బాల మీదికెక్కి, పాత టైర్లు దిగి, సాయంత్రానికి గోడ ఎక్కుతాయి. అక్కడి స్టూలు మీద కూర్చుంటే నిద్రో మెలకువో తెలియని మగత కమ్ముతుంది నాకు. బండి బాగైందని చెప్పి లేపుతాడు మేస్త్రీ. సగం కల షెడ్డులోనే వదిలేసి ఇంటికి వస్తాను.

మేస్త్రీకి డెబ్బై దాటాయి. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం వాళ్లది. నేను మామా అంటాను, ఆయన టీచరమ్మా అంటాడు. ఈ మధ్య ఆయనకు కళ్లలో తెల్లపొర కమ్మి చూపు బాగా తగ్గింది. మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటాడు, స్పానరును బరువును బట్టి తీసుకుంటాడు. ఆయన కొడుకు కార్ల సర్వీసు సెంటరులో పనిచేస్తాడు, ఆదివారాలు షెడ్డుకు వచ్చి తండ్రికి చూసి పెట్టాల్సినవి చూసి పెడతాడు. చెడ్డవాడు కాదు. తండ్రి వేళ్లు ఎక్కడ నలుగుతాయోనన్న భయం అతనిది. "చాలు నాయనా, ఇంటికాడ కూచో" అని వారం వారం అంటూనే ఉంటాడు. మేస్త్రీ విననట్టు ఊరుకుంటాడు. చెవులు మాత్రం ఆయనకు నాకన్నా బాగా పనిచేస్తాయి.

నా కారు తడిని ఆయన వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత డబ్బా మూతలో నీళ్లు పోయించి అందులో ఒక బొట్టు విదిలించాడు.

"ఏమైందమ్మా, కలిసిందా, తేల్తాండాదా?"

"తేల్తాండాది మామా."

"బ్రేకు నూనె అయితే కలిసిపోతాది. ఇది ఇరుసులో నూనె. సీలు పోయినట్టుండాది."

వెనక రెండు చక్రాలనూ కలుపుతూ ఒక లావుపాటి ఇనుప గొట్టం ఉంటుంది. దాని నడుమ కడుపు ఉబ్బినట్టున్న చోట పళ్ల చక్రాలు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. ఆ నూనె చివరలకు పాకి బయటపడకుండా, చక్రం దగ్గర ఒక నల్లటి రబ్బరు వలయం కాపలా కాస్తుంది. అదే సీలు. అది పాడైతే నూనె బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది, బ్రేకు జారుతుంది. అందుకే నా బండి గొర్రెల మందలోకి పోబోయింది.

ఆదివారం కొడుకు చక్రం విప్పి ఇచ్చాడు, కొత్త సీలు మేస్త్రీ బిగించాడు. చెక్కముక్క ఆనించి, చిన్న సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ పోయాడు. ఒక్కో దెబ్బకూ చెవి పక్కకు వంచి విన్నాడు. "సుట్టూ ఒకటే మోత రావల్లమ్మా. యాడన్నా బోలుగా పలికిందంటే ఆడ కూర్చోలేదని లెక్క" అన్నాడు. టక్, టక్, టక్. ఆ మోత వింటూ నేను మళ్లీ మగతలోకి జారిపోయాను. బడి గంట, ఎక్కాలు, ఎవరో నల్లబల్ల తుడుస్తున్న చప్పుడు అన్నీ అందులో కలిసిపోయాయి.

నెల తిరక్కుండా మళ్లీ చుక్క పడింది. అదే చోట. ఈసారి రంగులు చూసి మురిసిపోలేదు, ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తీసుకుపోయి మేస్త్రీ ముందు పెట్టాను. ఆయన నొచ్చుకున్నాడు, సీలు నాసిరకం అయి ఉంటుందన్నాడు. వేరే దుకాణం నుంచి మంచిది తెప్పించి మళ్లీ అదే చెక్కతో, అదే సుత్తితో బిగించాడు. అదీ నెలన్నర నిలబడింది, అంతే. ఆ మూడో చుక్క చూసిన రోజు బడిలో నా నోరు ఊరుకోలేదు. స్టాఫ్ రూములో అందరూ అన్నం తింటుండగా, "మా మేస్త్రీకి చేతులు పోయినాయి. కళ్లూ ఆనవు. మీ బండ్లు ఆయన దగ్గరికి తోలబాకండి" అన్నాను. ఇద్దరు తలూపారు, ఇద్దరూ ఆయన దగ్గరికి పోయేవాళ్లే. సగం అన్నం డబ్బాలోనే మూసి పెట్టేశాను గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ మాట కర్నూలు దాకా రావడానికి ఎన్నాళ్లో పట్టలేదు. ఆ ఆదివారం నేను షెడ్డుకు పోయేసరికి తండ్రీ కొడుకులు మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి కూడా కొడుకు ఆపలేదు.

"మూడోసారి నాయనా ఇది. ఊళ్లో ఏమనుకుంటాండారో నీకు తెల్దు. నీ పేరు పోకముందే ఆపు. ఈపొద్దు గూడా ఇది యాడ కారతాండాదో తేలకపోతే, షెడ్డు తాళం నా చేతికియ్యి."

మేస్త్రీ ఒడిలో ఉన్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"సరే. తేలకపోతే ఇస్తా" అన్నాడు.

కొడుకు ఇంటికి పోయి అన్నం తిని, వచ్చేటప్పుడు టీ తెస్తానని పోయాడు. నేను తలవంచుకుని నిలబడ్డాను. ఊళ్లో అనుకుంటున్నది ఎవరి నోటి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అయితే మాత్రం, నేనన్నది నిజమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"టీచరమ్మా, నీ సంచిలో సుద్దముక్కలు ఉంటాయి కదా?" అన్నాడు మేస్త్రీ.

నా సంచిలో ఇంకేం లేకపోయినా అవి ఉంటాయి. నాలుగు ముక్కలు రాతి మీద నూరించాడు. నాకు డీజిలు గుడ్డ ఇచ్చి ఇరుసును చేయి అందినంత మేర తుడిపించాడు, ఆరాక, తడి పుట్టిన చోటు తెలుపు మీద నల్లగా తేలుతుందని ఆ తెల్లపొడి పూయించాడు. వంగి పూస్తుంటే నా చేతులు, చీర కొంగు, కనురెప్పలు అన్నీ తెల్లబడ్డాయి. తర్వాత ఇద్దరం కారెక్కి ఊరి బయట రోడ్డు మీద కాలువ దాకా పోయి వచ్చాం. ఆయన పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి వేడిగాలి. కాలువలో ఎవరో గేదెలను కడుగుతున్నారు, ఆ నీళ్ల తళతళ కాసేపు కారు లోపలి కప్పు మీద ఆడింది. ఈ దారి ఇలాగే పోతూ ఉంటే ఎంత బాగుండు, వెనక్కి పోవడం, తాళం ఇవ్వడం ఏవీ లేకుండా, అనిపించింది. మామా, నేనే అన్నాను బడిలో ఆ మాట, అని చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ, "ఎండ ఎక్కువుండాది మామా" అన్నాను.

షెడ్డుకు రాగానే జాకీతో బండి ఎత్తి, చక్రాల కింద రాళ్లు పెట్టాం. ఆయన గోనెపట్టా పరిచాడు.

"నా కండ్లకు అగుపడదమ్మా. కొడుకు వచ్చేదాకా ఆగలేను. నువ్వే పండుకోని సూసి చెప్పు."

యాభై రెండేళ్ల మనిషిని, చీర కుచ్చిళ్లు బిగించుకుని కారు కిందికి దూరాను. పైన ఇనుము ఇంకా సెగలు కక్కుతోంది. గేరు నూనెకు ఒక ఘాటైన వాసన ఉంటుంది, వెల్లుల్లి మాడినట్టు. సుద్ద పూసిన ఇరుసు నా ముఖానికి జానెడు దూరంలో, మంచు కురిసినట్టు తెల్లగా ఉంది. నేను మంచు ఎప్పుడూ చూడలేదు. మేస్త్రీ గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తోంది.

"ఎడమ పక్క ఎట్లుండాది?"

"చక్రం వెనక రేకు అడుగున తడి."

"కుడి పక్క?"

"అక్కడ కూడా వేలెడంత చెమ్మ మామా. కొత్తగా."

ఆయన పాదాలు కుడి పక్కకు నడిచి మళ్లీ వెనక్కి వచ్చాయి.

"రెండు పక్కలా అంటే లోపల ఒత్తిడి ఉండాది. ఇరుసు నడుమ, పైన, వెనక పక్కకు చేయి పెట్టి సూడు. చిన్న బొడిపె ఉంటాది. దాని నెత్తిన టోపీ ఒకటి ఉంటాది. అది తిరగల్ల. తిరుగుతాండాదా?"

చెయ్యి పెట్టాను. బొడిపె తగిలింది. టోపీ తిరగలేదు. నునుపుగా, రాయిలా గట్టిగా ఉంది. మెడ తిప్పి, ఒళ్లు మెలితిప్పి చూశాను. నల్లరంగు పూసిన ముద్ద. దాని మీద ఒక బొటనవేలి ముద్ర.

ఆ వేలు నాదే. పక్కన పెట్టి చూడక్కర్లేకుండానే తెలిసింది.

మా వీధికి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. వచ్చిన గంటలో డ్రమ్ములు, బిందెలు, చివరికి వంటింట్లో గిన్నెలు కూడా నింపుకోవాలి. అలాంటి ఇంట్లో పుట్టి, అలాంటి ఇంట్లోనే మెట్టిన దాన్ని. కారే వస్తువును చూస్తూ ఊరుకోలేను. డ్రమ్ముకు చిల్లు పడితే, కొళాయి మొదట్లో చెమ్మ కనపడితే, రెండు ముద్దలు కలిపి పిసికి పెడితే రాయిలా గట్టిపడే మందు నా అల్మారాలో ఎప్పుడూ ఉంటుంది. కిందటి వానాకాలం టైరు పంచరై, కారు అడుగున ఉండే స్టెప్నీని దించినప్పుడు, ఇరుసు మీద చిన్న బొడిపె, దాని టోపీ కింద జిడ్డు పట్టిన కంత ఒకటి కనపడింది. అయ్యో, ఇక్కడ కారుతోందే అనుకున్నాను. డ్రమ్ముకు పెట్టగా మిగిలిన మందు తెచ్చి, చుట్టూ కప్పేసి, బొటనవేలితో నొక్కి, మీద కిటికీ ఊచలకు తెచ్చిన నల్లరంగు వేశాను. మా ఆయనకు కూడా గొప్పగా చెప్పుకున్నాను. పది రోజుల్లో మరిచిపోయాను.

అది ఇరుసు ఊపిరి వదిలే కంత. బండి నడిస్తే లోపల గాలి వేడెక్కి ఉబ్బుతుంది, ఆ కంతలోంచి బయటికి పోతుంది. అది మూసేస్తే గాలి నూనెను తోసుకుంటూ సీళ్ల మీద పడుతుంది. ఎన్ని సీళ్లు మార్చినా, ఎంత చక్కగా కొట్టినా అంతే. ఇవన్నీ తర్వాత మేస్త్రీ చెబితే తెలిశాయి. ఆ క్షణంలో మాత్రం ఆయన అడిగిన ప్రశ్నను బట్టి సగం అర్థమైంది, ఆ సగం చాలు. వేసవి మధ్యాహ్నం చెమటలు కారుతున్న ఒంటి మీద చల్లగా ఏదో పాకింది. సిగ్గు అంటే అలా ఉంటుందని అంతకుముందు తెలియదు.

"తిరుగుతాండాదా తల్లీ?"

కొప్పులో ఉన్న పిన్ను తీశాను. చప్పుడు కాకుండా దీన్ని తీసేస్తే చాలు, కారడం ఆగిపోతుంది, ఆయన తాళం ఆయన దగ్గరే ఉంటుంది, నా సంగతి ఎవరికీ తెలియదు అనుకున్నాను. పిల్లలు ఇలాంటి పని చేస్తే బెంచీ ఎక్కించే దాన్ని. పిన్నుతో అంచు గీకాను. ముద్ద పెచ్చు లేచింది. లోపల్నుంచి గాలి ఉస్సుమంటూ వచ్చింది. పొడవుగా, ఆగకుండా, నిద్రలో ఎవరో నిట్టూర్చినట్టు.

మేస్త్రీ చెవుల సంగతి ముందే చెప్పాను. గోనెపట్టా పక్కన ఆయన పాదాలు కనపడుతున్నాయి నాకు. ఆ పాదాలు కదల్లేదు. నేను ముద్ద మొత్తం ఊడదీసి పిడికిట్లో పెట్టుకుని బయటికి వచ్చాను. ఆయన నా వైపు చెయ్యి చాపాడు. ఇచ్చాను. దాన్ని వేళ్లతో తడిమాడు. ఒకవైపు టోపీ అచ్చు, ఒకవైపు వేలి అచ్చు. ఎవరిదని అడగలేదు. జేబులో వేసుకున్నాడు.

అప్పుడే కొడుకు టీ ఫ్లాస్కుతో వచ్చాడు.

"ఏమాయ నాయనా, తేలిందా?"

"తేలింది. సీలేరా. నేనే వంకరగా కొట్టినట్టుండాది." ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. "తాళం ఆ మేకుకు ఉండాది, తీసుకో."

కొడుకు తాళం వైపు పోలేదు. ఫ్లాస్కు కింద పెట్టి నిలబడ్డాడు. గెలిచినవాడిలా లేడు. ఆడకూతురిని, టీచరును, నేను తన కొడుకు ముందు తలదించుకోకూడదని ఆయన తన చేతి పనినే వదులుకుంటున్నాడు.

"కాదప్పా" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పక్క వెల్డింగు షాపు వాళ్లు తిరిగి చూశారు. "అబద్ధం చెప్తాండాడు మీ నాయన. ఆ గాలి కంతను మూసింది నేను. డ్రమ్ముకు పెట్టే మందు పెట్టి మూసినా. బడిలో మామ చేతులు పోయినాయని అందరికీ చెప్పింది గూడా నేనే. ఆయన జేబులో ఉండాది సూడు, నా వేలి గుర్తు."

కొడుకు తండ్రి వైపు చూసి, మెల్లగా, "నేను రెండుసార్లు సూసినా నాయనా. నల్లగా గుండ్రంగా ఉంటే టోపీ అనుకున్యా. నువ్వు అడిగితే బాగుండాదని చెప్పినా. చేయి పెట్టి తిప్పలేదు" అన్నాడు.

మేస్త్రీ మా ఇద్దరి మాటలూ విన్నట్టు లేడు. ఆయన ఆలోచన వేరే చోట ఉంది.

"చక్రం విప్పు" అన్నాడు.

కొడుకు విప్పాడు. డ్రమ్ము లాగాడు, నూనెకు తడిసిన బ్రేకు షూలు పక్కన పెట్టాడు, లోపలి ఇరుసు కడ్డీని బయటికి తీశాడు. మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని, కొడుకు చేయి మణికట్టు దగ్గర పట్టుకుని, ఆ చూపుడు వేలిని సీలు మీద ఆనించాడు.

"సుట్టూ తిప్పు. యాడన్నా ఎత్తుపల్లం ఉండాదా?"

కొడుకు వేలు మెల్లగా తిరిగింది. మళ్లీ ఒకసారి తిరిగింది.

"లేదు నాయనా. సమంగా ఉండాది."

"పెదవి చిరిగిందా?"

"లేదు. బాగుండాది."

"సక్కగానే కొట్టినానా?"

"సక్కగా కొట్టినావు నాయనా. మా కాడ మిషను పెట్టి కొట్టినా ఇంత సమంగా రాదు."

మేస్త్రీ కొడుకు మణికట్టు వదిలేశాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆ తెల్లటి కళ్లలోంచి నీళ్లు గడ్డంలోకి దిగాయి, తుడుచుకోలేదు. నేనూ ఏడ్చాను, ముఖం మీది సుద్ద అంతా చారలైంది. కొడుకు గుడ్డ తీసుకుని డ్రమ్ములో నూనె తుడవసాగాడు. చాలాసేపటికి, తలెత్తకుండానే అడిగాడు.

"రేపు ఎన్నింటికి తెరుస్తావు నాయనా?"